మసక పెట్ట, మచ్చల పుంజు

మా నాన్న లెక్కలో ఈ లోకంలో ఉన్నవి రెండే జాతులు. రొమ్ము నల్లగా ఉన్న పుంజులు, మిగతా ప్రాణులు. నేను రెండో జాతి. అమ్మ కూడా.

కాబట్టి ఏటా జరిగే కోళ్ల ప్రదర్శనలో నాకు గొప్ప బాధ్యతలేవీ అప్పగించరు. పంజరాలు మొయ్యాలి, నీళ్ల గిన్నెలు నింపాలి, మా పుంజు గెలవగానే ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టి చప్పట్లు కొట్టాలి. మిగతా రోజుల్లో పెయింట్ షాపులో రంగులు కలుపుతాను. అక్కడ కనీసం డబ్బాలు కూత కూయవు.

ఆ రోజు కూడా బ్యాడ్మింటన్ హాలు నిండా పంజరాలు బారులు తీరి ఉన్నాయి. తెల్లకోటు వేసుకున్న జడ్జి గారు ఒక్కో కోడినీ ఎత్తి, రెక్క విప్పి, ఈక ఈకా పరీక్షిస్తున్నారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్లుంటారని వింటాం కదా, ఆయనది అంతకన్నా కష్టమైన కొలువు. ఉన్న ఈకల్లోంచి తప్పులు పీకాలి.

నేను బకెట్టుతో వరండాలోకి వచ్చేసరికి గోడ వారగా తువ్వాలు కప్పిన పంజరం ఒకటి కనిపించింది. నా దారిన నేను పోవచ్చుగా! తువ్వాలు ఎత్తి చూశాను.

లోపల ఒక పుంజు. అబ్బబ్బ, ఏం రొమ్ము! నల్లగా ఉండాల్సిన చోట ఇటుకపొడి చల్లినట్టు ఎర్రెర్రటి మచ్చలు.

పక్కనే ఒక అమ్మాయి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని బిస్కెట్టు తింటోంది. జుట్టులో గడ్డిపరక. అది ఆమెకు తెలియదు. నాకు చెప్పాలనిపించలేదు, బాగుంది.

"ఇది మీదాండీ?"

"అవును."

"మిమ్మల్ని ఎవరో మోసం చేశారు."

"అయ్యో, ఎవరండీ?"

"దీన్ని మీకు అంటగట్టినవాళ్లు. ఈ రొమ్ము చూశారా? స్టాండర్డ్ పుస్తకం చదివినవాడెవడూ దీన్ని గుమ్మంలోకి రానివ్వడు. శుద్ధ దాణా దండగ. మా ఇంట్లో అయితే ఇలాంటివాటిని పిల్లలుగా ఉన్నప్పుడే ఏరేస్తాం."

"మీకు కోళ్ల గురించి చాలా తెలుసులా ఉందే."

అందులో వెటకారం ఉందని బుద్ధున్నవాడెవడికైనా అర్థమవుతుంది. నేను కాలరు సర్దుకున్నాను. "ఏదో, పుట్టినప్పటి నుంచీ ఇందులోనే ఉన్నాం కదండీ."

అంతలో హాల్లోంచి మైకు మోగింది. పెట్టల విభాగంలో మొదటి బహుమతి ప్రకటించారు. అమ్మాయి లేచి ఒళ్లో బిస్కెట్టు పొడి దులుపుకుంది.

"గెలిచింది మా పెట్టే. ఈ దాణా దండగే దాని నాన్న. ఆయన దగ్గర్లో లేకపోతే అది గింజ ముట్టదు, అందుకని తెచ్చాం. వస్తానండీ, శాస్త్రవేత్త గారూ." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అన్నట్టు, మీ ముందు పళ్లు ఏ-త్రీ షేడ్. కాఫీ తగ్గించండి."

బకెట్టులో నీళ్లు కాళ్ల మీద పడేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

మా కోళ్ల సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మా రెండు కుటుంబాలకూ పిచ్చి అనుకుంటారు. చెప్పాక కూడా అనుకుంటారు, కాకపోతే కారణం తెలిసి అనుకుంటారు.

స్టాండర్డ్ ప్రకారం మా జాతి పుంజుకు రొమ్ము బొగ్గులా ఉండాలి, ఒక్క ఎర్ర చుక్క కూడదు. పెట్టకేమో ప్రతి ఈక మీదా మూడు సన్నని గీతలు, ఒకదాని లోపల ఒకటి, ముగ్గు గీసినంత స్పష్టంగా ఉండాలి. ఆ పుస్తకం రాసిన మహానుభావుడు జన్మలో కోడిని పెంచి ఉండడు. ఎందుకంటే ఈ రెండూ ఒకే గూట్లో పుట్టవు. పుంజు రొమ్మును నల్లగా నింపే జన్యువులే దాని అక్కచెల్లెళ్ల ఈకల మీద గీతల్ని అలికేస్తాయి. పెట్టకు గీతలు తీర్చిదిద్దే జన్యువులే దాని అన్నదమ్ముల రొమ్ము మీద మచ్చలు పెడతాయి. కాబట్టి గెలిచే పుంజు కావాలంటే ఒక వంశం, గెలిచే పెట్ట కావాలంటే ఇంకో వంశం పెంచాలి. రెండూ కలిపితే రెంటికీ చెడ్డ రేవడే.

ఒకప్పుడు మా తాతా వాళ్ల తాతా ప్రాణస్నేహితులు. రెండు వంశాలనూ ఒకే ఆవరణలో పెంచేవారు. ఒకే కుటుంబానికి చెందిన పుంజూ పెట్టా కలిసి గెలవాల్సిన జోడీ కప్పు ఏటా వాళ్లకే వచ్చేది, అప్పట్లో వాళ్లను విడి కుటుంబాలని ఎవరూ అనుకోలేదు. ఒక ఏడు ఫొటోలో కప్పు ఎవరు పట్టుకోవాలనే మహత్తర సమస్య మీద మాటామాటా పెరిగింది. మా తాత పుంజుల వంశం తీసుకుని ఇటొచ్చాడు, వాళ్ల తాత పెట్టల వంశం తీసుకుని అటెళ్లాడు. అప్పటి నుంచి ఆ కప్పు క్లబ్బు సెక్రటరీ గారి బీరువాలో బొద్దింకల్ని పోషిస్తోంది. ఏటా జడ్జి 'అర్హులు లేరు' అంటారు. ఏటా మా నాన్నా వాళ్లమ్మా హాల్లో చెరో మూల నిలబడి ఒకరినొకరు చూడనట్టు చూసుకుంటారు.

ఆ అమ్మాయి ఆ పెట్టల వాళ్లమ్మాయి. నా అదృష్టం ఎప్పుడూ అంతే.

తరవాతి వారం ఆమె మా పెయింట్ షాపుకు వచ్చింది. కౌంటరు మీద టిష్యూ కాగితం విప్పి ఒక ఈక పెట్టింది.

"ఈ రంగు కావాలి. షెడ్డు తలుపుకు."

"ఇది ఆ దాణా దండగ మెడ ఈక కదూ?"

"ఆయన పేరు పెద్దాయన. మర్యాదగా మాట్లాడండి."

ఈకను మెషీన్ కింద పెట్టి రంగు చదివించి, కలిపి, చెక్క మీద పూసి చూపించాను. "ఎరుపు చాలలేదు" అంది. మళ్లీ కలిపాను. "ఇప్పుడు ఎక్కువైంది." మళ్లీ కలిపాను. వెలుతురులోకి పట్టుకెళ్లి, ఒక కన్ను మూసి చూసి, "దగ్గరికొచ్చారు" అంది, నాకేదో సర్టిఫికెట్ ఇచ్చినట్టు.

ఆమె పళ్ల ల్యాబులో పనిచేస్తుందట. కట్టుడు పళ్లకు పక్క పళ్ల రంగు సరిచూడటం ఆమె ఉద్యోగం. లోకంలో నాలాంటి పని చేసే మనిషి ఇంకొకరున్నారని, ఆ మనిషి నామీదే విసుక్కుంటోందని తెలిసి నాకు ఎక్కడలేని సంతోషం వేసింది.

"తగ్గించాను" అన్నాను.

"దేన్ని?"

"కాఫీని."

"ఏదీ, ఒకసారి నవ్వండి." నవ్వాను. ముందుకు వంగి శ్రద్ధగా చూసింది. "ఏ-త్రీయే. కానీ ప్రయత్నం కనిపిస్తోంది."

బయట వాన మొదలైంది. డబ్బా చేతిలో పట్టుకుని షట్టరు కింద నిలబడింది. సాయం చెయ్యడానికన్నట్టు నేనూ నిలబడ్డాను. వాన ఆగకపోతే బాగుండునని మనసులో కోరుకున్నాను. అది పదినిమిషాలైనా ఉండకుండా తగ్గిపోయింది. వానకు కూడా మా నాన్నంత కరుణే.

"మీ పెట్టల్ని ఎప్పుడు చూపిస్తారు?" అంది.

"మా ఇంట్లో పెట్టలు లేవు."

"మరి మీ పుంజులు ఎలా వస్తున్నాయి? ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడుతున్నారా?"

ఏం చెప్పను? ఉన్నాయి, వెనక షెడ్డులో ఉన్నాయి. గీతలన్నీ అలికిపోయి, తడిసిన న్యూస్‌పేపరులా ఉంటాయి. చుట్టాలొస్తే ఆ షెడ్డు తలుపు ముందు నాన్న దాణా బస్తా అడ్డం పెడతాడు.

నాన్న క్లబ్బు మీటింగుకు వెళ్లిన ఓ మధ్యాహ్నం ఆమెను తీసుకెళ్లాను. షెడ్డులో అమ్మ నీళ్లు మారుస్తోంది.

"ఎవరమ్మా నువ్వు?"

"పెట్టల వాళ్లమ్మాయిని, ఆంటీ."

అమ్మ నావైపు చూసి "ఓహో" అంది. నేను ఆరు నెలలు ప్రాక్టీసు చేసి చెబుదామనుకున్నదంతా ఆ ఒక్క 'ఓహో'తో అయిపోయింది.

ఆమె ఒక పెట్టను చేతుల్లోకి తీసుకుంది. "ఇదేంటి ఆంటీ, గీతలు గీసేటప్పుడు దేవుడికి తుమ్మొచ్చిందా?" అంటూనే దాని మెడ కింద మెల్లగా నిమిరింది. పెట్ట కళ్లు మూసుకుంది. "దీని పేరేంటి?"

"పేర్లు పెట్టం. రింగు మీద నంబరుంటుంది" అన్నాను.

"ఈ ఏడు గెలిచిన పుంజుకు తల్లి అదేనమ్మా. కిందటేడు గెలిచినదానికీ అదే" అంది అమ్మ.

"మరి దీన్ని ఎప్పుడైనా హాలుకు తీసుకొచ్చారా?"

"దీన్నా? నన్నే తీసుకెళ్లలేదు" అని అమ్మ నవ్వింది.

నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. పెట్టను దించే ముందు దాని చెవి దగ్గర "నీ పేరు మసక" అని చెప్పింది.

బస్ స్టాపు దాకా వెళ్లాక "నువ్వంటే నాకు చాలా ఇష్టం" అనేశాను. మీరు లోంచి నువ్వులోకి ఎప్పుడు దూకానో నాకే తెలీదు.

"తెలుసు. ఆ తలుపు రంగు మూడుసార్లు కలిపావు, ఒక్కసారి కూడా కసురుకోలేదు. అంత ఓపిక ఊరికే రాదు." బస్సెక్కి కిటికీలోంచి తల బయటపెట్టింది. "నాకూ ఇష్టమే. ఎక్కువ పొంగిపోకు."

ఆ తరవాత వాళ్ల షెడ్డు తలుపు రెండో కోటు, కిటికీలు, గుడ్లపెట్టెలు, చివరికి అవసరంలేని కంచె కూడా నేనే పెయింటు చేశాను. వాళ్ల నాన్న కోళ్ల మాటెత్తితే టీవీ శబ్దం పెంచే మనిషి కనుక ఆయనతో ఇబ్బంది లేదు. వాళ్లమ్మ ఇంట్లో లేని వేళలు మాకు కంఠస్థం.

మేం దొరికిపోయింది లిప్‌స్టిక్ మరకతోనో ఫోన్ మెసేజీతోనో అయితే గౌరవంగా ఉండేది. నా స్వెట్టరుకు అంటుకున్న ఒక ఈకతో దొరికిపోయాం. నాన్న దాన్ని తీసి, భూతద్దం తెచ్చి, కిటికీ దగ్గర నిలబడి చూశాడు.

"మూడు గీతలు. ఒక్కటి కూడా చెదరలేదు. ఇది మన కొంపలో పుట్టే ఈక కాదు. ఎక్కడ తిరుగుతున్నావురా?"

చెప్పాను. ఇల్లు ఎగిరిపోయింది.

"వాళ్లది పెట్టల వంశంరా! వాళ్లూ మనం కలిస్తే రెండు వైపులా చెడతాయి!"

"నాన్నా, మేం పెళ్లి చేసుకుంటామంటున్నాం. మాకు పుట్టే పిల్లలకు ఈకలుండవు."

"అదే అంటున్నా. ఒక స్టాండర్డ్ అంటూ లేని వ్యవహారం!"

అటు వాళ్లమ్మా అంతే. "పుంజుల వాళ్లింట్లో పెట్టలకు పేర్లు కూడా పెట్టరట, నిన్నేం చూసుకుంటారే?" అందట. దొందూ దొందే. కాకపోతే ఆవిడ అన్నదాంట్లో నిజముంది, అదే నా బాధ.

రెండు వారాల పాటు ఇంట్లో నాన్న నాతో పుంజుల ద్వారా మాట్లాడాడు. "ఏరా నల్లోడా, కొందరికి సిగ్గుండదేంరా?" అని పుంజును అడిగేవాడు. పుంజు 'కొక్కొరొకో' అనేది.

అప్పుడు సెక్రటరీ గారు ఏదో పనిమీద వచ్చి, సంగతి విని, టీ తాగుతూ మామూలుగా ఒక మాటన్నారు. "మంచిదేగా! వియ్యంకులైతే మీరు ఒకే కుటుంబం. నిశ్చితార్థం చాలు, జోడీ కప్పుకు మీ పుంజూ వాళ్ల పెట్టా కలిపి పెట్టుకోవచ్చు. నా బీరువా ఖాళీ అవుతుంది."

నాన్న చేతిలో గ్లాసు గాల్లో ఆగిపోయింది.

మర్నాడు సాయంత్రానికల్లా ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మమ్మల్ని వెంటబెట్టుకుని వాళ్లింటికెళ్లాడు. వంశాలు కలిస్తే చెడతాయన్న మాట గాలికి కొట్టుకుపోయింది. "పిల్లలు ఇష్టపడ్డాక మనం కాదనడం ఏం మర్యాదండీ" అన్నాడు నాన్న. "అదేనండీ, వాళ్ల సంతోషం కన్నా మనకేం కావాలి" అంది వాళ్లమ్మ. ఇద్దరి కళ్లూ గోడ మీద పాత ఫొటోలోని కప్పు మీదే ఉన్నాయి.

రొట్టె విరిగి నేతిలో పడిందని నేను మురిసిపోతున్నాను. ఆమె లేచి నిలబడింది.

"నిన్నటిదాకా పనికిరాని దాన్ని, ఇవాళ ఎలా పనికొచ్చానండీ?"

లోపలి గదిలో టీవీ శబ్దం తగ్గింది.

"జోడీ పోటీకి పెడదాం. కానీ గెలిచే పుంజునీ గెలిచే పెట్టనీ కాదు. మా అమ్మ పెద్దాయన్ని తేవాలి. అంకుల్ తమ వెనక షెడ్డులోని మసకను తేవాలి. అందరి ముందూ, తన చేతులతో."

"ఆ అలికిన పెట్టనా?" నాన్న గొంతు కీచుమంది. "జడ్జి నవ్వుతాడమ్మా! తరతరాల పరువు!"

"మీ తరతరాల పరువు దాని గుడ్లలోంచే వచ్చింది అంకుల్."

గేటు దగ్గర నన్ను ఆపింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆమెను అలా చూడటం అదే మొదలు.

"నువ్వు తేవడం లెక్కలోకి రాదు. నువ్వెలాగూ పంజరాలు మోసేవాడివే. మీ నాన్న తేవాలి. తేకపోతే నేను రానురా మీ ఇంటికి. ఆ వెనక షెడ్డులో ఇంకో పేరులేని పెట్టగా నేను ఉండలేను. నువ్వంటే ఎంత ప్రేమున్నా ఉండలేను."

కోపగించుకుందామనుకున్నాను. కానీ ఆ షెడ్డు ముందు బస్తా అడ్డం పెట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి. "సరే" అన్నాను. గుండె మాత్రం సరే అనలేదు.

మరుసటి ఏటి ప్రదర్శన దగ్గరపడేకొద్దీ నాన్న మొహం గంటుపెట్టుకున్నాడు. నేను బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. ఆకలేసి మళ్లీ తిన్నాను. "నా వల్ల కాదురా" అన్నదొక్కటే జవాబు. ముందు రోజు భోజనాల దగ్గర అమ్మ గిన్నె కింద పెట్టి తాపీగా అంది.

"పుంజులన్నీ గుడ్లలోంచే వచ్చాయండీ. ఆ గుడ్లు మీరైతే పెట్టలేదు."

నాన్న చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయాడు.

తెల్లారి నన్ను పుంజుల పంజరాలతో ముందు పంపించేశాడు. తను ఎప్పుడొస్తాడో చెప్పలేదు. హాల్లో జోడీ పోటీ బల్ల మీద పెద్ద పంజరం ఖాళీగా ఉంది. వాళ్లమ్మ తల వంచుకుని వచ్చి, తువ్వాలు తీసి, పెద్దాయన్ని అందులో పెట్టింది. చుట్టూ గుసగుసలు. "పెట్టల మేడమ్‌కు మతి పోయిందా?" అని ఎవరో పైకే అన్నారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి, కానీ కదల్లేదు.

ఆమె నా పక్కన నిలబడింది. నావైపు చూడటం లేదు. జడ్జి గారు అవతలి వరస పూర్తిచేసి ఇటు వస్తున్నారు.

"ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం" అన్నాను.

"నువ్వు ఇందాకటి నుంచీ అదే అంటున్నావు" అంది నెమ్మదిగా. గొంతులో వెటకారం లేదు. నాకు భయమేసింది అందుకే.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

ముందు నాన్న. చంకలో మసక. దానికి శుభ్రంగా స్నానం చేయించి, ఆరబెట్టి, కాళ్లకు నూనె రాసి తెచ్చాడు. ఆ ఈకల మీద గీతలు యథాప్రకారం లేవు, కానీ ఒళ్లంతా దూదిలా పొంగి మెరిసిపోతోంది. వెనకాల అమ్మ. టికెట్టు అడుగుతారేమో అన్నట్టు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికొచ్చింది.

"పొద్దుట్నుంచీ బాత్రూములోనే. హెయిర్ డ్రయ్యరు పెట్టి ఒక్కో ఈకా ఆరబెట్టారు" అంది అమ్మ నాతో, అందరికీ వినబడేలా. "పెళ్లయి ఇన్నేళ్లయింది, నా జుట్టు ఒక్కసారి ఆరబెట్టిన పాపాన పోలేదు."

నాన్న అదేం వినిపించుకోలేదు. మసకను పెద్దాయన పక్కన దించాడు. జడ్జి గారు వచ్చారు, చూశారు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"పుంజు రొమ్ము నిండా మచ్చలు. పెట్టకు గీతలే లేవు. వీటిని పోటీకే తెచ్చారా?"

"పోటీకి కాదండీ. పరిచయం చెయ్యడానికి" అన్నాడు నాన్న. "నా పుంజులు గెలిచినప్పుడల్లా మీరు నాకు చెయ్యి కలిపారు. వాటి తల్లి ఇదిగో. పేరు మసక. ఆయన పెద్దాయన, మేడమ్ గారి పెట్టలకు తండ్రి. వీళ్లు లేకపోతే మాకు బహుమతులూ లేవు, పొగరూ లేదు."

ఆయన పుంజు కానిదాని గురించి అన్ని మాటలు మాట్లాడటం నేను పుట్టాక అదే మొదటిసారి. వాళ్లమ్మ ముక్కు చీదింది.

జడ్జి గారు మైకులో 'అర్హులు లేరు' అన్నారు. రూలు రూలే కదా. కానీ హాలంతా చప్పట్లు మోగాయి. మసక బెదిరి పెద్దాయన రెక్క కింద దూరింది.

"ఏమంటావు?" అని అడిగాను.

ఆమె కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "ఏమంటాను? మీ అమ్మకు హెయిర్ డ్రయ్యరు కొనిపెట్టు. ఉన్నదాన్ని మీ నాన్న కోళ్లకు వాడేశాడు."

సెక్రటరీ గారు కెమెరా తీసి అందరినీ నిలబడమన్నారు. అమ్మ అలవాటుగా పక్కకు తప్పుకుని చేతిసంచులు పట్టుకుంది.

"ఏమోయ్, ఎక్కడికి? ఇటు రా" అన్నాడు నాన్న.

"నేనెందుకండీ?"

"రమ్మంటున్నాగా. మధ్యలో నిలబడు." సంచులు తీసి నా చేతికిచ్చాడు. మసకను తీసి అమ్మ చేతుల్లో పెట్టాడు.

"నవ్వు" అంది ఆమె నా చెవిలో.

"ఏ-త్రీ కనిపిస్తుంది."

"కనిపించనీ. ఇక నేను రోజూ చూడాల్సిన షేడే కదా."

నవ్వాను.

ఆ ఫొటో ఇప్పుడు మా ముందుగదిలో పాత ఫొటోల వరస చివర వేలాడుతోంది. అందులో కప్పు లేదు. అమ్మ ఉంది, మసకను గుండెలకు హత్తుకుని, "సరిగ్గా నిలబడండి" అని నాన్నను కసురుతోంది.